వికారంలో నేనే సీనియర్

అవి నేనింకా వెడల్పుగా ఉన్న రోజులు. విశాఖ పోర్టులో ఓ షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమస్తాగా చేరాను. లంగరేసిన ఓడల దగ్గరికి లాంచీలో వెళ్లి, తాడు నిచ్చెన ఎక్కి, కెప్టెన్ చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకురావడం నా పని. నా ఒళ్లు చూసి (నిచ్చెన మీద జాలితో కాబోలు) మేనేజరు గారు "తగ్గితే ఓడ, లేకపోతే ఆఫీసులో కుర్చీ" అనేశారు. నాకేమో ఓడెక్కడమంటే ప్రాణం. డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తితే ఆకలి తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ రాసింది.

బరువు మాట దేవుడెరుగు, ముందు వికారం పట్టుకుంది. పోపు వాసన తగిలితే చాలు, వీధిలోకి పరుగు. "నా వంటంటే అంత రోతేటండీ?" అని మా ఆవిడ అలిగింది. డాక్టరమ్మ మళ్లీ కూర్చోబెట్టి చెప్పింది: కొంచెం కొంచెం తిను, మెల్లగా తిను, నూనె సరుకు ముట్టకు, కడుపు నిండుతోందనగానే లేచిపో, వాంతులు ఆగకపోతే వెంటనే నా దగ్గరికి రా. 'ఇంకో ముద్ద' అంటూ వడ్డించే ఇంట్లో పుట్టినవాడికి కంచం ముందు నుంచి లేవడమంటే మాటలా? అయినా కిందా మీదా పడి నేర్చుకున్నాను. వికారమూ సర్దుకుంది, ఒళ్లూ తగ్గింది.

నన్ను పరీక్షించడానికి మేనేజరు గారే లాంచీ ఎక్కారు. ఎక్కేముందు గేటు బయట బండి దగ్గర పూరీలు లాగించడం మావాళ్ల ఆచారం. ఖాళీ కడుపుతో వెళ్తే సముద్రం తిప్పేస్తుందని వాళ్ల నమ్మకం. ఆయనా కాదనలేదు. "ఏటి బావా, ఒక్కిడ్లీతో సరిపెడతన్నావ్? కళ్లు తిరిగి పడిపోతావ్. నాను తింతన్నాను సూడు" అన్నాడు కంచరపాలెం బావ (చుట్టరికం ఏమీ లేదు, ఆఫీసులో నా జోడీ).

హార్బరు దాటగానే అలలు లాంచీని ఎత్తెత్తి పడేశాయి. ముందు బావ, ఆ వెనకే మేనేజరు గారు లాంచీ అంచు పట్టుకుని వంగిపోయారు. పూరీలన్నీ సముద్రం పాలు. నాకూ కడుపులో తిప్పింది. కానీ అది నాకు పాత చుట్టమే. దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ మీద చూపు నిలిపి, నీళ్లు చుక్కచుక్కగా చప్పరిస్తూ కూర్చున్నాను. ఓడ రాగానే నిచ్చెన పట్టుకుని చకచకా ఎక్కేశాను. సంతకాలతో దిగేసరికి లాంచీ నడిపే సరంగు "ఇయాల ఈ బాబొక్కడే మనిసి" అన్నాడు. మేనేజరు గారు మూతి తుడుచుకుని, "ఓడలన్నీ ఇక నీవే. ముందా కిటుకేదో నాకు చెప్పవయ్యా" అన్నారు.

ఇప్పటికీ ఓడలెక్కుతూనే ఉన్నాను. అప్పుడప్పుడు ఆ బండి దగ్గర ఒక పూరీ తీసుకుని సగం తిని లేస్తాను. నాలోని ఆ పాత వెడల్పాటివాడు మిగతా సగం వైపు దిగులుగా చూస్తాడు. పాపం, మంచివాడే. కానీ లాంచీ మాత్రం ఎక్కించను.