అమ్మ గుండు కింద రాసిన మాట

ఆఫీసు బస్సు హౌరా వంతెన మీద ఇరుక్కుపోయి ఉంది. పక్క సీట్లో మా ఆఫీసులోనే పనిచేసే బెంగాలీ అమ్మాయి కూర్చుంది. ఫోను నా మొహం దగ్గరకు తెచ్చి "చూడు, ఎంత పాపమో" అంది. చూశాను. మా అమ్మ.

నున్నటి గుండు. నెత్తి మీద తెల్లగా ఏదో పూత. రెండు కళ్ల నుంచీ ధారలు. ఫొటో మొత్తం నలుపు తెలుపు. కింద బెంగాలీలో రాసి ఉంది: "క్యాన్సర్‌తో పోరాడుతున్న తల్లి. జుట్టు పోయింది గానీ ధైర్యం పోలేదు. రోజూ పొద్దున్నే ఇడ్లీలు అమ్మి కూతుర్ని చదివించుకుంటోంది. ఈ తల్లి కథ పదిమందికీ చేర్చండి."

ఆ కూతుర్ని నేనే. చదువు ఎప్పుడో అయిపోయి, సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఒక్క వాక్యంతో నన్ను తీసుకెళ్లి మళ్లీ బళ్లో వేశారు. ఆ పొద్దున్నే అమ్మ నాకు డబ్బాలో పులిహోర పెట్టి, నిన్న తెచ్చిన డబ్బా కడగలేదని నాలుగు తిట్లు తిట్టి మరీ పంపింది. ఈ ఫొటోలో మనిషికి తిట్టే ఓపికే ఉన్నట్టు లేదు.

"మా అమ్మ" అన్నాను.

ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పలేదు?" అంది. అయ్యో, మా అమ్మకేమీ లేదు, అది దేవుడికిచ్చిన జుట్టు, అని ఎంత చెప్పినా తల ఊపింది. నమ్మి ఊపినట్టు లేదు, నన్ను ఓదార్చడానికి ఊపినట్టుంది. బస్సు దిగేలోపే మా టీమ్ లీడర్‌కి కబురు వెళ్లిపోయింది. ఒక్క పూట సెలవడిగితే మొహం కందగడ్డ చేసుకునే మనిషి, నా సీటు దగ్గరకు వచ్చి, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు తీసుకోమన్నాడు. ఆ మంచితనానికి ఇంకా బెదిరిపోయాను.

జరిగింది ఇది. కిందటేడు నా మెడ కింద చిన్న గడ్డ తేలింది. సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనలేదు. నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, నోటికి తాళం లేని మనిషి. ఆయన కూడా "అది" అనే అనేవాడు. అది కాకుండా ఉంటే తలనీలాలిస్తానని అమ్మ సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. అది కాదని తేలింది. హౌరాలో రైలెక్కి వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చింది. మా ఉత్తరాంధ్ర వాళ్లలో ఆడవాళ్లు గుండుతో ఊరి నుంచి రావడం వింతేమీ కాదు. మా రైల్వే క్వార్టర్లలో ఎవరెదురైనా "మొక్కు తీరిందా?" అని అడిగి ప్రసాదం పెట్టించుకుంటారు.

అమ్మ తిరిగొచ్చిన కొద్దిరోజులకే, మా వీధి క్లబ్బులో ఒక సేవాసంస్థ ఉచితంగా కళ్ల పరీక్షలు పెట్టింది. సూదిలోకి దారం ఎక్కడం లేదని అమ్మ వెళ్లింది. కళ్లలో మందుచుక్కలు వేసి కూర్చోబెట్టారు. ఆ ధారలు వాటివే. నెత్తి మీద పూత, గుండు మండుతోందని రాసుకున్న గంధం. అమ్మ బొట్టు రూపాయి బిళ్లంత ఉంటుంది. నలుపు తెలుపు చేసేసరికి అది దెబ్బ తగిలిన మచ్చలా మిగిలింది. ఫొటో తీసిన పిల్ల అడిగే తీసిందట. అమ్మ కొంగు సర్దుకుని నవ్విందట కూడాను. ఆ నవ్విన ఫొటో వాళ్లకి అక్కర్లేకపోయింది.

సాయంత్రం దీపం పెట్టే వేళకి ఇల్లు చేరాను. అమ్మకి బెంగాలీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఫోను చేతికిచ్చి, కింద రాసింది నేనే చదివి చెప్పాల్సొచ్చింది. ఆ మాట దగ్గర ఆగిపోయాను. అమ్మకి అర్థమైపోయింది.

"ఓలమ్మో! అదా? అది నాకొచ్చిందని రాసినారా?" అంది.

నేను ధైర్యం చెప్పబోయాను. చూడమ్మా, వేలమంది నీకు తగ్గాలని దండాలు పెడుతున్నారు, అన్నాను.

"తగ్గాలంటే ముందు రావాల గదే!" అని అరిచింది. "ఒకలు గాదు, ఇద్దరు గాదు. అంతమంది అదే మాట అంటంటే తథాస్తు దేవతలు ఇనకుండా ఉంటారా? దీపాలేళ ఆ మాట అనకూడదని మీ నాన్న నోరు కూడా కట్టించినాను. ఇప్పుడు ఊరంతా నా మొకం కింద రాసి పెట్టినారు. నాకొస్తే రానీ. నీ మీద నుంచి దింపినాను దాన్ని. మళ్లీ నీ మీదకొస్తే నానేటి సేసేది?"

నేను చదువుకున్నదాన్ని. తథాస్తు దేవతలంటే నవ్వే రకం. ఆ సాయంత్రం మాత్రం నాకు తెలియకుండానే చెయ్యి మెడ కిందకి పోయింది. అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి ముందు నాకు దిష్టి తీసింది, తర్వాత తన ఫొటో ఉన్న నా ఫోనుకి తీసింది. అప్పుడు కూడా నాకు నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి ఇడ్లీ బండి దగ్గర ఇంకో గొడవ మొదలైంది. వర్క్‌షాపు గేటు ఎదురుగా అమ్మ ఏళ్లుగా బండి పెడుతోంది. రోజూ చట్నీ రెండోసారి అడిగి పోయించుకునే మనుషులు దూరంగా నిలబడి "మాషీ, ఎలా ఉన్నావు?" అని గొంతు తగ్గించి పలకరించడం మొదలెట్టారు. మాషీ అంటే మన పిన్ని. ఒకాయన డబ్బులు బండి మీద పెట్టి, ప్లేటు ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. అమ్మ ఆ డబ్బులు పట్టుకుని అతని వెనకాల గేటు దాకా పరుగెత్తి, చేతిలో కుక్కి వచ్చింది. ఒంట్లో బాగాలేని మనిషి అంత వేగంగా పరుగెత్తదని ఎవరికీ తట్టలేదు.

ఆ శనివారం సాల్ట్ లేక్‌లో ఆ సేవాసంస్థ ఆఫీసుకి వెళ్లాను. పోట్లాటకే వెళ్లాను. వాళ్ల ఫేస్‌బుక్కూ ఇన్‌స్టాగ్రామూ చూసే పిల్ల ఎదురొచ్చింది, ఫొటో తీసిందీ అదే. నాకంటే చిన్నది, లెబూ చా, అదే నిమ్మకాయ టీ, ఇచ్చి, బిస్కట్లు ముందుకు జరిపింది. నేను విషయం చెప్పగానే దాని మొహం పాలిపోయింది.

"దేవుడికి జుట్టు ఇస్తారా? ఆడవాళ్లు కూడానా?" అంది. నిజంగానే తెలియదు దానికి. ఆడమనిషికి గుండు అంటే దానికి తెలిసినది ఆ ఒక్క కారణమే. మా అమ్మ ఇడ్లీలు అమ్ముతానంది, కూతురుందంది, ఆరోగ్యం కోసమే జుట్టిచ్చానంది. మిగతాది ఆ పిల్ల తనే పూరించుకుంది. ఎవర్నీ అడగాలని కూడా అనిపించలేదట, అంత స్పష్టంగా కనిపించిందట.

"కళ్లద్దాల క్యాంపు ఫొటోలు ఎన్ని పెట్టినా ఎవరూ ఆగి చూడరు దిదీ. కళ్లద్దాల కోసం ఎవరూ ఏడవరు. మీ అమ్మగారి ఫొటో పెట్టాక, జిల్లాల నుంచి వైద్యానికి వచ్చే వాళ్లకి మేమిచ్చే గదులకి సాయం వచ్చింది. నిజమైన రోగులకి" అంది. సరిదిద్దుతానని మాటిచ్చింది. నా కోపం ఆ బిస్కట్లతోనే నానిపోయింది. మంచి పిల్లే అనుకుంటూ ఇంటికొచ్చాను.

పోస్టు మాత్రం పోలేదు. అడిగినప్పుడల్లా పైవాళ్లతో మాట్లాడుతున్నానంది. రెండు మూడు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు ఆ పిల్లే సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని అమ్మ బండి దగ్గరకు వచ్చి, కాళ్లకి దండం పెట్టి, క్షమించమని అడిగింది. అమ్మ కరిగిపోయింది. ఇడ్లీ పెట్టింది. అప్పటికి అమ్మకి పొట్టి జుట్టు మొలిచింది, క్యాంపు వాళ్లు చేయించిన కళ్లద్దాలు వచ్చాయి. ఆ పిల్ల ఫొటో అడిగితే పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

మర్నాడు ఆ ఫొటో వచ్చింది. ఈసారి రంగుల్లో, బొట్టుతో సహా. పక్కనే పాత గుండు ఫొటో. కింద: "మీ ఆశీస్సులు ఫలించాయి. మాషీ క్యాన్సర్‌ని జయించింది."

నేను బస్సులో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి ఆ పిల్లకి ఫోను చేసి అరిచాను. అబద్ధమని చెబితే ఇక మమ్మల్ని ఎవరూ నమ్మరు, ఇలా అయితే ఎవరికీ నష్టం లేకుండా కథ ముగుస్తుంది, అని పైవాళ్లు అన్నారట. ఇది సరిదిద్దడమట! రాని రోగాన్ని అంటగట్టి, దాన్ని వాళ్లే తగ్గించేశారు.

విచిత్రం ఏమిటంటే అమ్మ సంబరపడింది. "పోన్లేయే. పోయిందని రాసినారు గదా. అంతమంది పోయిందంటంటే తథాస్తే గదా అది కూడా" అంది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తింది. వర్క్‌షాపు మనుషులు మళ్లీ ప్లేట్లు అందుకున్నారు. ఇంక నేనొక్కదాన్నే నిజం నిజం అంటూ వేలాడడం ఎందుకని ఊరుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున బండి దగ్గర నేనూ ఉన్నాను. ఒకామె వచ్చి అమ్మ ఎదురుగా నిలబడింది. నా వయసే ఉంటుంది. నుదురు దాకా తలకి గుడ్డ కట్టుకుంది. కనుబొమలు లేవు. గంగ అవతలి నుంచి లాంచీలో హౌరా వచ్చి, అక్కడి నుంచి వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ వచ్చానని చెప్పింది. ఫోనులో అమ్మ ఫొటో చూపించి, "మీరే కదా?" అంది. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని, "ఏ ఆసుపత్రి మాషీ? ఏ డాక్టరు? నాకు పని చెయ్యలేదు. మీరు ఏ మందు వాడారు?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. తర్వాత ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి, ఏడాదిగా నోట పలకని మాట తనే పలికింది. "నాకు క్యాన్సర్ రాలేదమ్మా" అని బెంగాలీలో చెప్పింది. నా గడ్డ, మొక్కు, గంధం, కంటి చుక్కలు అన్నీ చెప్పింది.

మొదట ఆమె నమ్మలేదు. "అందరూ దాస్తారు మాషీ. నేనెవరికీ చెప్పను" అని బతిమాలింది. అమ్మ ఏడుస్తూ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అప్పుడు నమ్మింది. "అయితే తగ్గినవాళ్లు లేరన్నమాట" అంది.

ఉన్నారు, చాలామంది ఉన్నారు, అన్నాను. నా మాట నాకే పేలవంగా వినిపించింది. అమ్మ పెట్టిన ఇడ్లీ సగం తిని ఆమె వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగాక ఆ పోస్టు తెరిచాను. ఇన్నాళ్లూ అభినందనలు మాత్రమే చూసి, ఒళ్లు మండి మూసేసేదాన్ని. ఈసారి కిందకి వెళ్లాను. ఏ ఆసుపత్రి? డాక్టరు పేరు చెప్పండి. మా నాన్నకి కూడా ఇదే. మా పాపకి. దయచేసి మాషీ అడ్రసు ఇవ్వండి. వేలితో జరిపే కొద్దీ అవే వస్తున్నాయి.

"ఏటంటన్నారే?" అంది అమ్మ.

చదివి వినిపించాను.

"మరి ఆళ్లకేటి సెప్పినారు?"

"ఏమీ చెప్పలేదమ్మా. ఒక్కొక్కరి మాట కిందా బొమ్మ పెట్టారు."

"ఏటి బొమ్మ?"

ఫోను అమ్మ చేతికే ఇచ్చాను. అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆ సంస్థ ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను దగ్గరగా తెచ్చుకుంది. ఒక్కొక్క ప్రశ్న కిందా ఉన్న చిన్న ఎర్రటి గుండె బొమ్మని ఒక్కొక్కటిగా చూసింది.