పెద్దమ్మ చేతులు వణకలేదు

పెద్దమ్మ పోయిందని, మా షాపులో కార్డులు కోసే చాచా పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. "పెద్దమ్మ గుజర్ గయీ బేటీ. నిద్రల్నే పోయింది. నేను సైదాబాద్ పోతున్న, నువ్వు సీదా ఆమె ఇంటికే వచ్చేయ్" అన్నాడు. ఏడుస్తూనే ఆటో ఎక్కాను. ఆమె ఇంటి ముందు దిగేసరికి మాత్రం ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. మా షాపు యజమాని షామియానా కింద కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు: "పాపం, మంచి మనిషి. ఆఖర్ల చేతులు వణికి కంప్యూటర్‌ను ఆగమాగం చేసేది గని, మేమే ఓర్సుకున్నం."

ఓర్చుకున్నారట! ఎవరు ఎవరిని ఓర్చుకున్నారో చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

శాలిబండలో మాది శుభలేఖలు అచ్చువేసే షాపు. పెద్దమ్మ నాకు చుట్టం కాదు, షాపులో అందరికీ ఆమె పెద్దమ్మే. తెలుగు, ఉర్దూ రెండు కార్డులూ ఆమే టైపు చేసేది. నోరు పెద్దది. పెళ్ళివారిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పేరూ గట్టిగా చదువుతూ కొట్టేది. పోయిన పెద్దల పేర్ల ముందు తెలుగు కార్డులో 'కీ.శే.' అని, ఉర్దూ కార్డులో 'మర్హూం' అని పెట్టి, ఆ పేరు పూర్తవగానే సేవ్ నొక్కేది. "పోయినోళ్ళను మల్లొకపారి పోగొట్టొద్దు బిడ్డా" అనేది. నాకు పని నేర్పుతూ ఆమె మొట్టమొదట చెప్పిన మాట అదే.

కిందటేడు, ఫోటోలున్న కార్డులు తొందరగా తెరుచుకోవాలని యజమాని ఆమె కంప్యూటర్‌లో మెమరీ కోసం ఉన్న పాత ర్యామ్ ముక్క పక్కన ఇంకొకటి వేయించాడు. లొల్లి అప్పుడే మొదలైంది. మంచి పని మధ్యలో తెర ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. బాణం కదలదు, మీట పలకదు. ఆపి మళ్ళీ వేయాల్సిందే. ఒకనాడు పొద్దున, ఒకనాడు సాయంత్రం, ఒక్కోనాడు అసలేమీ ఉండదు.

ర్యామ్ వేసిన మెకానిక్ వచ్చాడు. ఒక ఖాళీ పేజీ తెరిచి చాయ్ తాగాడు. చాయ్ అయ్యేదాకా కంప్యూటర్ చక్కగానే ఉంది. "మిషన్ బరాబరుంది సేట్. అమ్మ చేతులే వణుకుతున్నయ్, ఏదో మీట తప్పు కొడ్తున్నది" అని తీర్పిచ్చాడు.

"ఖాళీ పేజీ మీద ఎవని లగ్గమైతదిరా?" అని పెద్దమ్మ అరిచింది. "కొత్తది పెట్టినంకనే గదా ఆగుడు షురువైంది? దాన్ని తీసి చూడుండ్రి!"

చూడలేదు. యజమాని ఆమెను కుర్చీలోంచి లేపి, గుమ్మం పక్కన కార్డులు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఎరిగినవాళ్ళు వచ్చి "ఏంది పెద్దమ్మా, ఈడ కూసున్నవ్?" అని అడిగేవాళ్ళు. అంత నోరున్న మనిషి తలవంచుకుని కవర్లలో కార్డులు పెట్టేది.

ఆమె కుర్చీలో యజమానే కూర్చున్నాడు. ఆయన చేతికింద కూడా తెర ఆగింది. "ఓల్టేజి సరిగ్గ లేనట్టుంది" అన్నాడు. చూశారా! ఆమె చేతికింద ఆగితే వయసు, ఆయన చేతికింద ఆగితే కరెంటు.

ఆయన ఏదో పెళ్ళికి పోయిన రోజు పెద్దమ్మ బల్ల దగ్గరినుంచి లేచింది. "డబ్బా ఇప్పు బిడ్డా, జరిగేది జరగనీ" అంది. చాచా స్క్రూడ్రైవర్ తెచ్చాడు. కరెంటు వైరు పీకి కొత్త ర్యామ్ బయటికి తీశాం. పాతదొక్కదానితోనే ఫోటోల కార్డులు వరసగా తెరిచాం. నత్తనడక నడిచింది కానీ సాయంత్రం దాకా ఎక్కడా ఆగలేదు. మర్నాడు యజమాని ఎదుటే పాతది తీసి కొత్తదొక్కటే పెట్టాం. పెళ్ళికూతురు ఫోటో తెరవగానే బిగుసుకుపోయింది. పక్క గాడిలోకి మార్చి పెట్టినా అంతే.

"రెండిట్ల ఒక్కటి తీస్తె దొంగేదో తెలుస్తది సేట్" అని పెద్దమ్మ నవ్వింది.

మెకానిక్ వేరేది తెచ్చి వేశాడు. తెర మళ్ళీ ఆగలేదు. ఆమె కుర్చీ ఆమెకు వచ్చింది. కానీ 'తప్పు నీది కాదు పెద్దమ్మా' అన్న ఒక్క మాట యజమాని నోట రాలేదు. ఆ మాటకోసం ఆమె చాలా చూసింది. ఆయన దగ్గరికి వస్తే రెండు చేతులూ ముందుకు చాపి, "చూడు సేట్, వణుకుతున్నయా?" అనేది. ఆయన ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

అందుకే ఆ షామియానా కింద నోరు మూసుకోలేకపోయాను. "పెద్దమ్మ చేతులు వణకలే సేట్. ర్యామ్ ఖరాబుండె. నీ ముంగటనే చూపెట్టినం గదా?" అన్నాను. అందరూ మావైపు తిరిగారు. చాచా వచ్చి నా పక్కన నిలబడి, "అవు, నేను గూడ చూసిన" అన్నాడు.

"ఇప్పుడెందుకమ్మా గవన్నీ?" అన్నాడు యజమాని.

ఇప్పుడెందుకా? వినడానికి ఆమె ఉన్నన్నాళ్ళూ మీరు చెప్పలేదు కదా!

ఆమె పెద్దకర్మ కార్డు నేనే చేశాను, ఆమె కంప్యూటర్ మీదే. యజమాని వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆమె ఫోటో పెట్టాను. 'కీ.శే.' కొట్టి, ఆమెలాగే గట్టిగా చదువుతూ పేరు మొదలుపెట్టాను. రెండో అక్షరానికే నా చేతులు గడగడ వణికాయి. ఒక మీట బదులు ఇంకొకటి పడింది, చెరిపి మళ్ళీ కొట్టాను, మళ్ళీ తప్పింది. యజమాని చూస్తూనే ఉన్నాడు. కంప్యూటర్ ఆగలేదు. పేరు పూర్తిచేసి సేవ్ నొక్కాను.