బొంతలో తాతకు చోటు

మా ముత్తాత కెంచార్లహళ్ళి చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళకు పటేలు. ఆయన కూర్చునేదాకా ఎవరూ కూర్చునేవారు కాదు. మా తాతకు మైసూరు దసరా దర్బారు పిలుపు వచ్చేది. జరీ అంచు తలపాగా చుట్టుకుని గుర్రబ్బండిలో బయలుదేరితే ఊరంతా అరుగుల మీద లేచి నిలబడేదట. మా నాన్న ఆ పిలుపు కాగితాలకు పటం కట్టించాడు. నేను చిక్కబళ్ళాపురంలో ఒక సంఘం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. కానీ నడుము ఎవరి ముందూ వంచలేదు. డాక్టరు ఫోటో తీసి, అది వెన్నుపూస బిగుసుకుపోవడం అన్నాడు. ఆయనకు వంశాల సంగతి తెలియదు.

ఇప్పుడు చింతామణిలో మా అక్క ఇంటి మేడ మీద గదిలో ఉంటున్నాను. అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. ఆమె కోడలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. మొన్నటి ఏడాది ఆ అమ్మాయికి ఏడో నెల రాగానే అక్క పాతబట్టల ట్రంకుపెట్టె దించమంది. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట పెద్దల బట్టలతో కుట్టిన బొంత మీదే పడుకోబెడతారు. అందులో ఇంటి పెద్దమగాడి తలగుడ్డ ముక్క ఒకటైనా ఉండాలి. నన్నూ అలాగే పడుకోబెట్టారు. ఈసారి మనవడో మనవరాలో, ఇంట్లో మొదటి బిడ్డ. ఇదే తన చేతి ఆఖరి బొంత అని అక్క అంటూనే ఉంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బొంత కుట్టే ముందు ముక్కలన్నీ నేల మీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ అటూ ఇటూ మార్చి చూడాలి. అక్క మోకాళ్ళు పాడయ్యాయి. కోడలు వంగకూడదు. నేను వంగను.

"అత్తా, దీనికి సాఫ్ట్‌వేర్ ఉండాది. నేల మీద పాకే పనే లేదు," అంది కోడలు.

"బొంతకు కంప్యూటరా? రేపు పేడ ఎత్తేదానికీ ఒకటి తెస్తారు," అంది అక్క.

"మామా, మీరు నేర్చుకోండి. ఆఫీసులో వాడినారు కదా."

ఆఫీసులో నా బల్ల మీద కంప్యూటరు ఉండేది, నిజమే. దాని మీద ముసుగు కూడా ఉండేది. అయినా దర్బారు చూసిన వంశం తెలియదని ఎలా చెబుతుంది? తన పాత లాప్‌టాప్‌లో కోడలు ఆ ప్రోగ్రామ్ ఎక్కించి ఇచ్చింది. కొత్తవాళ్ళ కోసం చేసిందట.

మొదట బొంత కొలత చెప్పాలి. మా ఇంట్లో కొలత అంటే మూర. పొడవు రెండు, వెడల్పు రెండు అని కొట్టాను. దానికి అంగుళాలు తప్ప వేరే లోకం తెలియదు.

కోడలు తొంగి చూసి, "ఇది ఎలుకపిల్లకు సరిపోతాది మామా. నా కడుపులో ఉండేది కొంచెం పెద్దదే," అంది.

తర్వాత బట్టలన్నిటికీ ఫోన్‌తో ఫోటో తీసి అందులో పెట్టాలి. అవ్వ జరీపువ్వుల చీర తీశాను. మూలన నా బొటనవేలు పడింది. ప్రోగ్రామ్ దాన్ని కూడా చీరలో పువ్వే అనుకుంది. ఆ చీర పెట్టిన గడి గడికీ నా వేలు, గోరుతో సహా.

"బొటనవేలు డిజైను! యాడ కొన్నారు మామా ఈ చీర?"

అక్క నవ్వలేక పొట్ట పట్టుకుంది. నేను ఫోటోలన్నీ మళ్ళీ తీశాను, వేలు వెనక్కి దాచుకుని.

మూడో మెట్టులో అసలు పని మొదలైంది. ఒక గడి మనం చేస్తే చాలు, మిగతావన్నీ ప్రోగ్రామే తిప్పి తిప్పి పేర్చుకుంటుంది. ఆ గడిని నేను మా ఇంటి పద్ధతి ప్రకారం చేశాను. పై వరుసలో అవ్వ చీరలు, ఆ కింద అమ్మవి, ఆ కింద అత్తలవి. ఒక ఆకుపచ్చ చీర మాత్రం మా దాయాదుల శాఖది, చిన్నవ్వది. వాళ్ళు మా మీద కోర్టుకెక్కి గెలిచారు. అది వద్దన్నాను. "నన్ను ఎత్తి పెంచిన మనిషప్పా ఆమె," అని అక్క పట్టుబట్టింది. సరే అని కింద కుడిమూలన, అంటే బంతి భోజనంలో చెప్పుల దగ్గర కూర్చోబెట్టినట్టు, పెట్టాను.

మీట నొక్కాను. గడి నాలుగయింది. ఒక్కొక్కటీ ఒక్కో పక్కకు తిరిగింది. నాలుగు మూలలూ వచ్చి బొంత నట్టనడుమ కలిశాయి. చిన్నవ్వ చీర అక్కడ పచ్చటి పువ్వులా విచ్చుకుని కూర్చుంది. మా అవ్వ అంచులకు పోయింది.

"అబ్బ! నడిమద్యలో ఆ పువ్వు ఎంత బాగుండాది! ఇదే పెట్టు," అంది అక్క.

"అది దాయాదులది!"

"ఉండనీ. కేసు గెలిచినోళ్ళు కదా, నడుమనే కూర్చుంటారు."

ఎన్ని రకాలుగా తిప్పినా అంత అందం రాలేదు. ఒప్పుకోక తప్పలేదు.

ఇక తలపాగా మిగిలింది. అది నా బీరువాలో, తెల్లగుడ్డలో చుట్టి ఉంది. ఏడాదికి ఒకసారి ఎండ చూపించేది నేనే, మడత పెట్టేది నేనే. దూరం నుంచి చూపిస్తాను, ముట్టనివ్వను. నేనూ ఆ గుడ్డతోనే పట్టుకుంటాను. "నూరేళ్ళయినా నల్లబడని జరీ చూడండి," అని వచ్చినవాళ్ళకు చెబుతాను. దానికి కత్తెర పెట్టడమంటే తాత మెడ మీద పెట్టినట్టే. అక్క నెల రోజులుగా అడుగుతోంది, నేను వినపడనట్టు ఉన్నాను.

"అది లేకపోతే ఇది బొంత కాదప్పా. ఉత్త దుప్పటి," అంది అక్క. ఈసారి గొంతులో నవ్వు లేదు.

కోడలు మధ్యేమార్గం చెప్పింది. "ఫోటో పెట్టి చూద్దాము మామా. కంప్యూటర్‌లో ఎన్నిసార్లు కోసినా బట్టకు ఏమీ కాదు."

సరేనన్నాను. బీరువా తీసి, తలపాగా అంచును పరిచి, నేనే ఫోటో తీశాను. తెర మీద అంచు బాగా కనిపించాలని కోడలు పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఆగిపోయింది.

"మామా, ఇది జరీ కాదు. దారం."

"నీకు జరీ తెలుసా?"

"జరీ తెలీదు. దారం తెలుసు. చూడండి, మద్యలో ముడి కూడా ఉండాది."

ముడి ఉంది. పసుపుపచ్చ నూలుదారం, దగ్గర దగ్గరగా, సన్నటి వాలుకుట్టు. నేను అక్క వైపు చూశాను. ఆమె కిటికీ వెలుతురులో సూదికి దారం ఎక్కిస్తూ ఉంది, అవసరానికి మించిన శ్రద్ధతో.

"అక్కా."

"నేను కుట్టిందే అది. నాకు ఇరవై ఏండ్లప్పుడు. బాగా వచ్చింది కదా?"

"అసలు జరీ యాడ?"

"నువ్వు బెంగళూరు కాలేజీకి పోయినావే, ఆ ఎండాకాలం నీ ఫీజు కోసం నాయన జరీ అంతా ఊడదీసి కంసాలికి ఇచ్చేసినాడు. నీకు తెలిస్తే పోతావా? పోవు. తలపాగా పట్టుకోని ఇంట్లోనే నిలబడిపోతావని నాయన నన్ను దారంతో కుట్టమన్యాడు."

"ఇన్నేండ్లు చెప్పలేదే!"

"నువ్వు ఎవురినీ దగ్గరికి రానిచ్చినావా దాన్ని? ఎవురైనా ముట్టుకోని చూసింటే ఆ పొద్దే తెలిసిపోయుండు."

కోడలు లాప్‌టాప్ వెనకాల తలదాచుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. నల్లబడని జరీ అని నేను ఎంతమందికి చెప్పానో లెక్క పెట్టుకుంటూ కాసేపు కూర్చున్నాను. నూలు నల్లబడదు.

అప్పుడు నేనే కత్తెర అడిగాను.

"ఒట్టుగానా?" అంది అక్క.

"తాతదైతే కోయను. ఇది నీ కుట్టు కదా," అన్నాను.

ఆమె సూది పక్కన పెట్టింది. కత్తెర ఇచ్చింది. కుట్టులోకి పోయేందుకు చుట్టూ పావంగుళం వదలాలని ప్రోగ్రామ్ గుర్తు చేసింది. వదిలాను. ఆ పసుపు అంచును నడిమి పచ్చపువ్వు చుట్టూ నాలుగు పక్కలా పెట్టించాను. తాత దాయాదులను ముట్టడించాడని నా లెక్క. పువ్వుకు కంచె వేసినట్టుందని అక్క లెక్క.

ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున అక్కే ఎత్తుకొచ్చి బొంత మీద పడుకోబెట్టింది. పాప కాళ్ళు రెండూ చాపి, మైసూరు దర్బారు మీదా, చిక్కబళ్ళాపురం కోర్టు తీర్పు మీదా ఒకేసారి తడిపింది. నేను వంగి చూశాను. ఎంతవరకు వంగగలనో అంతవరకు.

మేము అమ్ముకున్నవి ఇంతకాలం మూడని చెబుతూ వచ్చాను: బాగేపల్లి దగ్గర చింతతోపు, చెరువు కింది మడి, ఊళ్ళో ఇల్లు. నిజానికి నాలుగు. వాటన్నిటికంటే ముందు తాత తలపాగా జరీ అమ్మేశారు.