నీటికుక్కల దిబ్బకు మొదటి పుట్టి

మా ఆయనకు నీటికాసుల జబ్బు ఉందని రెండేళ్ళ కిందట తెలిసింది. ఆదోని పత్తి మార్కెట్‌లో దూదిని వేళ్ళతో పీకి, వెలుతురుకు పట్టి చూసి రకం చెప్పిన మనిషికి ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళు కనబడరు. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. మొన్న జనవరిలో ఎమ్మిగనూరులో కంటి డాక్టరుకు చూపించాం. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేననీ ఆయన అన్నారు. బస్సులో తిరిగి వస్తూ, ఇంకా చూడాలని ఏమైనా ఉందా అని అడిగాను. తిరుపతి అంటారనుకున్నాను. "నీటికుక్కలు" అన్నారు. ఏట్లో చేపలు పట్టి తినే ఆ జంతువులను చిన్నప్పుడు తుంగభద్ర ఒడ్డున మేనమామ ఊళ్ళో చూశారట.

ఆ ఊరికి కొంత పైన, నది మధ్యలో నీటికుక్కల కోసం వదిలేసిన ఒక దిబ్బ ఉంది. అక్కడ ఉండటానికి ఒకటే గది. అటవీ శాఖ కార్యాలయంలో ముందుగా అనుమతి తీసుకోవాలి, ఒక్క రాత్రికే ఇస్తారు. ఇద్దరికి ఐదువందలు, భోజనం వేరే. ఫిబ్రవరి దాటితే నీటికుక్కల పిల్లలు తిరిగే కాలమని గది మూసేస్తారు. మాకు దొరికింది ఆ నెల చివరి వారం.

ఆదోనిలో పొద్దున ఎనిమిది గంటల బస్సెక్కి కోసిగిలో దిగాం. అక్కడి నుంచి నది దాకా షేర్ ఆటోలు తక్కువ, అందుకని నాలుగువందలకు మాట్లాడుకున్నాం. డ్రైవరు ఖాజా దారిపొడవునా నవ్విస్తూనే ఉన్నాడు. "కుక్కల్ని సూసేకి ఇంత దూరం యాలక్కా? మా గల్లీకి రాండి, ఫ్రీగా కరుస్తాయి" అన్నాడు. మా ఆయన చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వారు. దారిలో చాలా ఇళ్ళకు తాళాలు వేసి ఉన్నాయి. పనుల కోసం వలస పోయినారని, ఉగాదికి గానీ రారని ఖాజా చెప్పాడు.

దిబ్బకు పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, దాటించే ఈరన్న చేపల పని ముగించుకుని మూడు గంటలకు వచ్చాడు. మేమిద్దరం లేచి సంచులు తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒగరే రాండమ్మా. ఒగే ఇంటోళ్ళను ఒగే పుట్టిలో ఎక్కించేది లేదు. మా తాత కాలం నుంచీ అంతే."

"ఎందుకప్పా?"

"ఏటి మీద ఏం జరిగేది ఎవరికి తెలుసు? ఇంట్లో దీపం పెట్టేకి ఒగరన్నా మిగలాల గదా."

"ముప్పై ఏండ్లుగా ఒగే పుట్టిలో ఉండాం, ఇంగా మునగలేదులేప్పా" అన్నారు మా ఆయన. ఈరన్న నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

సరే, ముందు ఎవరు? ఆయనే వెళ్ళాలని ఈరన్న చెయ్యి అందించాడు. నేను ఆపాను. కొత్త చోటు, మెట్లు ఎలా ఉన్నాయో, మంచం ఏ మూల ఉందో తెలియదు. గడప తట్టుకుని పడితే అక్కడ డాక్టరు కూడా ఉండడు. నేను ముందు వెళ్ళి అంతా సర్ది ఫోన్ చేస్తాను, అప్పుడు తీసుకురమ్మని చెప్పాను. మా ఆయన ఒడ్డున బండ మీద కూర్చున్నారు.

నన్ను దిబ్బ మీద దించి ఈరన్న ఒడ్డుకు తిరిగిపోయాడు. గది రేకులదే, కానీ శుభ్రంగా ఉంది. రెండు ఇనుప మంచాలు, ఒక సోలార్ దీపం, కడవ. మరుగుదొడ్డి వెనక, నాలుగు మెట్లు కింద. పట్టుకోవడానికి ఏమీ లేదు. వంట చేసే ఉరుకుందమ్మను తాడు అడిగి, తలుపు నుంచి మరుగుదొడ్డి దాకా గుంజలకు కట్టాను. దారిలో రాళ్ళు ఏరేశాను. ఆయన మంచాన్ని నీళ్ళు కనబడే కిటికీ పక్కకు జరిపాను. ఇదంతా అయ్యేసరికి గంట పైనే పట్టింది.

ఫోన్ తీసేలోపు ఈరన్నే చేశాడు. "పైన డ్యామ్ నుంచి నీళ్ళు ఇడిసినారమ్మా. సూడు, మనం దిగిన బండలు మునిగిపోయినాయి. పొద్దున దాకా పుట్టి తిప్పను."

నేను బతిమాలాను. తర్వాత మా ఆయన ఫోన్ అందుకున్నారు. "ఆ మనిషిని ఇబ్బంది పెట్టొద్దు. ఈరన్న ఇంట్లో పండుకుంటాలే. నువ్వు బాగా సూడు" అన్నారు. అవతలి ఒడ్డున ఆయన చొక్కా తెల్లగా కనబడుతోంది. నేను చెయ్యి ఊపాను. ఆయన కూడా ఊపారు, నేను లేని వైపుకు.

ఉరుకుందమ్మ ఇద్దరికని జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి చేసింది. "ఆయప్పకని మెత్తగా తట్టినాను, నువ్వే తినుమా" అని ముందు పెట్టింది. ఒక్క రొట్టె తిని లేచాను.

తెల్లవారే వేళ ఆమె నా భుజం తట్టి, మాట్లాడొద్దన్నట్టు నోటి మీద వేలు పెట్టుకుంది. బయటికి వచ్చి చూస్తే, అవి కిటికీకి ఎదురుగానే ఉన్నాయి. తల్లి, రెండు పిల్లలు. తల్లి చేపను బండ మీదికి ఈడ్చింది, పిల్లలు ఈలల్లాంటి కూతలతో దాని మీద పడ్డాయి. ఫోన్‌లో ఫోటో తీస్తే నల్లటి మరకలు వచ్చాయి. కాసేపటికి నీళ్ళలోకి జారిపోయాయి. నేను వెళ్ళి తాడు విప్పి చుట్టి, ఉరుకుందమ్మకు ఇచ్చేశాను.

నీళ్ళు తగ్గాక ఈరన్న వచ్చాడు. ఒడ్డుకు చేరేసరికి మా ఆయన లేచి నిలబడి ఉన్నారు.

"వచ్చినాయా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "వచ్చినాయి. మూడు."

"తల ఎత్తినప్పుడు మీసాల నుంచి నీళ్ళు కారుతాయి, సూసినావా?"

చూడలేదు. ఎన్ని వచ్చాయో, ఎంతసేపు ఉన్నాయో చూశాను. అవి ఉన్నంతసేపూ ఆయన లేరే అనుకుంటూనే చూశాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని "పోదాం పా, బస్సు టైమయితాంది" అన్నారు.

ఇద్దరికీ కలిపి రెండు వేల లోపే అయింది. మళ్ళీ వెళ్ళడానికి అంత ఖర్చు పెట్టగలం. కానీ గది తెరిచేది వానలు పోయాక. అప్పటికి మా ఆయన కళ్ళు ఎలా ఉంటాయో డాక్టరే చెప్పలేనన్నారు. ఈరన్న మీద నాకు కోపం లేదు, ఆ కట్టుబాటు వెనక ఏ ఇల్లు మునిగిందో నాకు తెలియదు. ఆయన పడిపోకూడదని మెట్లు, తాడు, మంచం చూసుకున్నాను. ఆ గంటలో నది పెరుగుతుందని మాత్రం తోచలేదు. ఇప్పుడు ఇంట్లో సాయంత్రాలు ఆయన ఆ నీటికుక్కల గురించి అడగరు, నేను చెప్పను.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క మాట. పుట్టిలో ఒక ఇంటి నుంచి ఒకరినే ఎక్కిస్తారు. మీరు ఎవరి కోసం అంత దూరం వెళ్తున్నారో, వాళ్ళను మొదటి పుట్టిలో పంపండి. గది ఎలా ఉన్నా ఫర్వాలేదు.