తెల్ల కాగితం తిన్న మిల్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం వరంగల్ పక్కనున్న ఒక కాగితం మిల్లులో రద్దీ, అంటే చిత్తుకాగితం, ఏరే ఆడవాళ్లకు నేను మేస్త్రీని. మా ఆయన అక్కడే కాగితాన్ని గుజ్జు చేసే తొట్టి దగ్గర పనిచేస్తూ చనిపోతే, నన్ను ఈ ఏరే షెడ్డులోకి తీసుకున్నారు. కాగితమంతా అడవుల్లోంచి వస్తుందని చదువుకున్నవాళ్లు అనుకుంటారు. మాకొచ్చేవి పాత పుస్తకాలు, పెండ్లి పత్రికలు, ఎనుమాముల మార్కెట్ నుంచి మిరప ఘాటుతో సహా వచ్చే అట్టపెట్టెలు. వాటిలోని పిన్నులు, ప్లాస్టిక్కు ఏరాకే తొట్టిలో వేయాలి. లేకపోతే మిషన్ మీద కాగితం తెగుతుంది.

దేశంలో కాగితం పరిశ్రమ ఎలా ఉందో రాయడానికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తుందన్నారు. వాళ్లు బాగుందంటే మిల్లు ఉంటుంది, లేకుంటే తాళమే. మేనేజర్ సారు రద్దీ కుప్పలన్నీ టార్పాలిన్ల కింద దాయించారు. షెడ్డు మాతోనే కడిగించారు. అమ్మకానికి పెట్టిన తెల్ల రీళ్లను కోసి తొట్టిలో వేయమన్నారు.

“చేసిన కాగితం మళ్ల తొట్లెనా సారూ?” అన్నాను.

“జర సప్పుడు జెయ్యకమ్మా. ఇయ్యాల మనది శుభ్రమైన మిల్లు.”

“అన్నం వండి మళ్ల ఎసట్లనే పోస్తాండు,” అని పక్కనున్న యాకమ్మ నా చెవిలో గొణిగింది.

కమిటీ వచ్చింది. తెల్లది లోపలికి పోయింది, తెల్లదే బయటికి వచ్చింది. వాళ్లు మెచ్చుకుని, చాయ్ తాగి వెళ్లారు. కొన్నాళ్లకు రిపోర్టు వస్తే క్లర్కు చదివి చెప్పాడు: మిల్లు ఆదర్శంగా ఉంది, సరుకు శుభ్రంగా ఉంది, కాబట్టి ఏరే ఆడవాళ్లు అనవసరం. మిల్లు నిలిచిందని సారు మిఠాయి పంచి, ఆ మిఠాయి చేతిలో ఉండగానే మమ్మల్ని ఇంటికి పంపారు.

ఆ తర్వాత మామూలు రద్దీ ఏరకుండానే తొట్టిలో పడింది. కాగితం పూటపూటకూ తెగింది. చివరికి సారే మా వాడకు వచ్చారు.

“రాండ్రి అక్కా, జర ఇజ్జత్ కాపాడుండ్రి.”

“మేమెందుకు సారూ? మనది శుభ్రమైన మిల్లు గదా!” అంది యాకమ్మ. అంటూనే చెప్పులు తొడుక్కుంది. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

మరోసారి కమిటీ వచ్చినప్పుడు మేము చీపురు ముట్టలేదు. టార్పాలిన్లు తీసేసి, మిరప పెట్టెలన్నీ వాకిట్లోనే దులిపాం. కమిటీలోని పెద్ద అధికారి కండ్లు తుడుచుకుంటూ, ఈ ఆడవాళ్లు లేకుండా మిల్లు నడవదని తుమ్ముల మధ్యనే చెప్పారు. నేను రిటైరయ్యేదాకా మా షెడ్డు జోలికి ఎవరూ రాలేదు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. చూడటానికి వచ్చినవాళ్ల ముందు చెత్త ఊడ్చి దాస్తే, వాళ్లు ఏరేవాళ్లను కూడా ఊడ్చేస్తారు.