పాఠం అనుకున్న పూట

మా గల్లీలో రజనిని చెడ్డమనిషి అనేవాళ్లు లేరు. ఉంటే నేను ఊరుకోను. కానీ ఆ మాట ఆమె తనను తానే అనుకుంటుంది. రోజూ అనుకుంటుంది. దానికి నేనేం చేయను?

మెదక్ కోటకు పోయే దారిలో పక్కకు తిరిగితే మా సందు. రజని భర్త జకరయ్య ఆటో నడుపుతాడు. ఇద్దరూ మహబూబున్నీసా ఇంట్లో వెనక గదుల్లో కిరాయికి ఉంటారు. మహబూబున్నీసా అంటే మా పిల్లలకు తెలియదు, ఖాలా అంటే తెలుస్తుంది. ఖాలా అంటే పిన్ని; గల్లీ మొత్తానికి ఆమె ఖాలాయే. ముందు గదుల్లో ఖాలా, ఆమె కొడుకు తాహెర్, కోడలు నాజ్. తాహెర్‌కు బజార్లో గడియారాల దుకాణం ఉంది.

రజని ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. లేవలేని వాళ్లకు ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, మంచం మీద నుంచి కుర్చీలోకి దించడం ఆమె పని. ఏళ్ల తరబడి అదే చేసింది. ఆ దవాఖాన చేతులు మారింది. కొత్తగా వచ్చినవాళ్లు నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్ లేనివాళ్లు పేషెంటును ముట్టుకోవద్దన్నారు, ఊడ్చే పనికి పోవాలన్నారు. ఊడ్చడం తక్కువ పనని రజని ఎన్నడూ అనలేదు. కానీ ఆమెకు మనుషుల దగ్గర ఉండాలి. "చీపురు నాతోని మాట్లాడ్తదా వదినా?" అంది నాతో. బస్టాండు వెనక ఉన్న ట్రైనింగ్ సెంటర్లో చేరింది.

రాతపరీక్ష గట్టెక్కింది. ప్రాక్టికల్లో బోల్తా పడింది. ప్రాక్టికల్ అంటే, పరీక్షకు వచ్చినవాళ్లలోనే ఒకరు పేషెంటులా పడుకుంటారు, ఇంకొకరు సేవ చేసి చూపాలి. ముందు తన పేరు చెప్పాలి, పేషెంటును అనుమతి అడగాలి, చేతులు కడుక్కోవాలి, పరదా లాగాలి, ఆ తర్వాతే ఒంటి మీద చెయ్యి వేయాలి. రజని అన్నీ సరిగానే మొదలుపెట్టింది. మధ్యలో పేషెంటుగా పడుకున్న పిల్ల "అమ్మా, నొప్పి" అని మూలిగింది. అంతే, రజని చేతిలో పని వదిలేసి "అయ్యో, ఏడ నొస్తుంది బిడ్డా?" అని దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది. నటిస్తోందన్న సంగతే మరిచిపోయింది. మళ్లీ మొదలుపెడదామంటే ఎక్కడ ఆపిందో గుర్తు రాలేదు. ఫెయిల్.

సెంటర్లో చెప్పే దేవిక మేడం మంచిదే, కాకపోతే కచ్చితమైన మనిషి. "పేషెంటు మూలుగుతది, తిడ్తది. నువ్వు పని ఇడిసిపెట్టి కూసుంటే ఎట్ల? ఇంట్ల ఎవర్నన్న పండవెట్టి ప్రాక్టీస్ చెయ్యి" అంది.

జకరయ్యను పడుకోబెడితే నిజంగానే నిద్రపోయేవాడు, గురక కూడా పెట్టేవాడు. ఇది చూసి ఖాలా ముందుకొచ్చింది. "నన్ను పండవెట్టుకో పోరీ. నాకేం పనున్నది? తిన్న అన్నం అరగాలె కద!"

ఖాలా సంగతి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి, సన్నగా గడకర్రలా ఉండేది. మనుషులను అనుకరించడంలో ఆమెను మించినవాళ్లు మెదక్‌లో లేరు. పాలవాడు, పాత కౌన్సిలరు, నేను, ఎవరినీ వదిలేది కాదు. నా నడక ఆమె నడిచి చూపిస్తే మా ఆయనే కడుపు పట్టుకుని నవ్వాడు. అటువంటి ఆమెకు మంచమూ దిండూ ఇచ్చి, రోగిలా నటించమంటే ఇంకేం కావాలి?

రోజూ పగటి అన్నాలయ్యాక ముందు గదిలో పాఠం. ఖాలా ముందే ఒక రోగం, ఒక మనిషి అనుకుని పడుకునేది. ఒకనాడు భూములున్న దొరసాని అవతారం. "ఏయ్, ఎవరే నువ్వు? మా ఇంట్ల నీ అసొంటోళ్లు పదిమంది ఉన్నరు. చేతులు కడుక్కున్నవా లేదా?" అని కసిరేది. ఇంకొకనాడు ఏడుపాయల జాతరకు పోయి బండల మీద జారిపడ్డ ముసలమ్మ. నడుము పట్టుకుని ఆమె తీసే రాగాలకు కిటికీ దగ్గర మేము నలుగురం చేరి నవ్వేవాళ్లం. రజని నవ్వు ఆపుకుంటూ, "నా పేరు రజని. మీ బట్టలు మార్చనీకి వచ్చిన. మార్చమంటారా?" అని మొదటి నుంచి మొదలుపెట్టేది.

ఒకరోజు ఖాలా గుండె పట్టుకుంది. కళ్లు తేలేసి, ఊపిరి ఎగబీల్చి, "యా అల్లా" అని వెనక్కి పడిపోయింది. రజని చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి ఉరికి, జకరయ్య ఆటోకు అడ్డం పడి, గల్లీ మొత్తాన్ని వెంటేసుకుని వచ్చింది. ఇంట్లోకి వచ్చి చూస్తే ఖాలా మంచం మీద కాళ్లాడిస్తూ కూర్చుని ఉంది. "ఎట్ల చేసిన?" అని అడిగింది అందరినీ.

అందరూ నవ్వారు. రజని ఒక్కతే ఏడ్చింది. కోపం, సిగ్గు రెండూ ఆ ఏడుపులో ఉన్నాయి.

"ఇంకోసారి నీకోసం బయటికి ఉరికితే అడుగు ఖాలా! నువ్వు సచ్చిపోతున్ననన్నా పాఠం అయ్యేదాక ఇడువ."

"శాబాష్! నాక్కావల్సింది గదే" అంది ఖాలా. "పరీక్షల గూడ గట్లనే నిలబడాలె. నేనేం జేసినా నువ్వు ఆగొద్దు. జబాన్ ఇయ్యి."

రజని ఆమె చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది. కిటికీ దగ్గర ఉన్న మేమూ మెచ్చుకున్నాం.

పరీక్ష దగ్గరపడింది. రజనికి ఇంక ఒక్కచోటే తడబాటు మిగిలింది. ఒక పక్క పడిపోయిన మనిషికి బట్టలు తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి ఎక్కించాలి, విప్పేటప్పుడు ముందు మంచి చెయ్యి తీయాలి. ఇది ఆమెకు ఎప్పుడూ తారుమారయ్యేది. పక్షవాతం ఎలా వస్తుందో, మూతి వంకరపోవడం, చెయ్యి లేవకపోవడం, మాట ముద్దకావడం, ఇవన్నీ కంఠతా వచ్చు. వస్తే క్షణం ఆలస్యం చేయొద్దనీ వచ్చు. రాతపరీక్షలో ఆ ప్రశ్నకు ఆమెకు పూర్తి మార్కులు.

ఆరోజు తాహెర్, నాజ్ టేక్మాల్‌లో పెళ్లికి పోయారు. ఖాలా ప్రయాణం చేయలేనని ఉండిపోయింది. ఆ పూట కిటికీ దగ్గర మేమెవరమూ లేము. రజని పాఠానికి పోయేసరికి అప్పటికే మంచం మీద పడుకుని ఉంది.

"ఇయ్యాల ఏం రోగం ఖాలా?"

ఖాలా ఏదో అంది. మాట ముద్దగా వచ్చింది. కుడిచెయ్యి పక్కన పడి ఉంది. మూతి ఒక పక్కకు జారింది.

రజనికి ఎంత సంతోషం వేసిందో! తనకు తడబాటు ఉన్నది ఈ పాఠంలోనే కదా, అది తెలిసే ఖాలా ఈ వేషం వేసిందనుకుంది.

"అబ్బ! మూతి వంకర గూడ మస్తు పెట్టినవ్ ఖాలా!" అంది.

తన పేరు చెప్పింది. అనుమతి అడిగింది. చేతులు కడుక్కుంది. పరదా లాగింది. మంచి చెయ్యి ముందు తీసి, పడిపోయిన చెయ్యి తర్వాత తీసి, మళ్లీ తొడిగేటప్పుడు పడిపోయిన చేతితో మొదలుపెట్టింది. మొదటిసారిగా ఒక్క తప్పూ లేదు. మధ్యలో ఖాలా ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుని గుంజింది. రజని మెల్లగా వేళ్లు విడిపించి, "ఆగను ఖాలా. జబాన్ ఇచ్చిన కద?" అంది.

పాఠం అయిపోయాక పడిపోయిన చేతి కింద దిండు పెట్టింది, అది కూడా పాఠంలో భాగమే. ఖాలా కళ్లు మూసుకుంటే నిద్రపోయిందనుకుంది. దుప్పటి కప్పి, తలుపు దగ్గరకు వేసి, సెంటర్‌కు పోయింది. దేవిక మేడంతో "ఇయ్యాల తప్పు పోలే మేడం" అని చెప్పిందట. ఆ మాట నాతో చెబుతూ రజని తల గోడకేసి కొట్టుకుంది. నేను పట్టుకోవలసి వచ్చింది.

సాయంత్రం వచ్చి చూస్తే ఖాలా అలాగే పడుకుని ఉంది. దిండు అలాగే ఉంది. పక్కబట్ట తడిసింది. అప్పుడు తెలిసింది రజనికి. ఆమె వేసిన కేక నేను మా వంటింట్లో విన్నాను.

జకరయ్య ఆటోలోనే తీసుకుపోయాం. తాహెర్, నాజ్ టేక్మాల్ నుంచి నేరుగా దవాఖానకు వచ్చారు. డాక్టరు ఖాలాను చూసి మా వైపు తిరిగాడు.

"ఇది ఎప్పుడు మొదలైంది? కరెక్టుగా చెప్పండి. మొదటి కొన్ని గంటల్లో అయితే ఒక ఇంజెక్షన్ ఉంది. టైము దాటాక ఇస్తే ప్రాణానికే ప్రమాదం."

తాహెర్ రజని వైపు చూశాడు. ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే. నేను పక్కనే ఉన్నాను, నిజం చెబుతున్నా, ఆ క్షణంలో ఆమె తెలియదంటే బాగుండుననుకున్నాను. తెలియదన్నా ఎవరూ పట్టుకోలేరు.

"పగటి అన్నాలైనంక సారూ" అంది రజని. "నేను జూసిన. మూతి వంకరపోయింది జూసిన, చెయ్యి లేస్తలేదని జూసిన. యాక్టింగ్ జేస్తుందనుకున్న. అంగి మార్చి పోయిన."

డాక్టరు గడియారం చూశాడు. ఇంజెక్షన్ ప్రసక్తి మళ్లీ రాలేదు.

నాజ్ అక్కడే రజనిని రెండు చేతులతో తోసింది. తాహెర్ అడ్డం రాలేదు. కాసేపయ్యాక ఆయనే బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్న రజనితో, "నువ్వు ఇప్పుడే అయిందని అబద్ధం చెప్పి ఉంటే ఆ ఇంజెక్షన్ ఇచ్చి మా అమ్మీని పోగొట్టేటోళ్లు" అన్నాడు. అది ఓదార్పో కాదో రజనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఖాలా బతికింది. కుడిపక్క పోయింది, మాట పోయింది. గల్లీ నోళ్లు ఊరుకుంటాయా? నవ్వు నాలుగు విధాల చేటని ఒకరు, ముసలిదానికి ఆ వేషాలెందుకని ఒకరు. ఆ వేషాలు చూడడానికి కిటికీ దగ్గర ముందు చేరినవాళ్లే ఈ మాటలన్నది.

ఇంటికి తెచ్చాక ఖాలా అన్నం ముట్టలేదు. ఎడమచేత్తో తినడం ఆమె ఎరగదు. చిన్నపిల్లలు ఎడమచెయ్యి చాపితే ఆ చేతి మీద చిన్నగా కొట్టి కుడిచేతికి రొట్టె ఇచ్చే మనిషి. చెంచా పెడితే విసిరేసింది. నాజ్ తినిపిస్తే నోరు బిగించింది. రెండు రోజులు చూసి, నాజ్ వెనక గదుల దగ్గరకు వచ్చింది. గడప దాటలేదు.

"రాండ్రి. మీరు పెడ్తె తింటదేమో జూడుండ్రి" అంది. ఎన్నడూ నువ్వు అనే పిల్ల మీరు అంది.

రజని పెడితే తింది. ఆరోజు నుంచి పొద్దున, మాపు అన్నీ రజనే చేస్తోంది. ఒళ్లు తుడుస్తుంది, అంగి మారుస్తుంది. ఇప్పుడు చేతులు తారుమారు కావు. చేసేటప్పుడు ఖాలా ముఖం వైపు చూడదు. "ఆమె నా కొంగు గుంజింది వదినా" అంటుంది నాతో. "మొదటి పరీక్షల అబద్ధంగ మూలిగిన పిల్లకోసం ఆగిన. ఖాలా నిజంగ పిలిస్తే ఆగలే. ఆమె గప్పుడు ఏమనుకున్నదో నాకు చెప్పేటట్టు గూడ లేదాయె." చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని నేను అనలేను. ఆమె ఆ ఆకులు వదలడం లేదు, అంతే.

పరీక్షకు పోనంది. చీపురే పట్టుకుంటానంది. జకరయ్య చెప్పినా, నేను చెప్పినా వినలేదు. చివరికి నాజ్ చెప్పింది.

"పోండ్రి. మీరు పోకుంటే అమ్మీ చెయ్యి ఉత్తగనే పోయినట్టయితది."

పోయింది. ఆమెకు పేషెంటుగా వచ్చిన పిల్ల పేరు కృతిక. పని సగంలో ఉండగా కృతిక మూలిగింది. రజని ఆగింది. వంగి దాని కళ్లలోకి చూస్తూ, "నిజంగనా, యాక్టింగా? సిగ్గుపడకు, చెప్పు" అని అడిగింది. ఆ పిల్ల బిత్తరపోయి "యాక్టింగే అక్కా" అంది. రజని ఆపినచోట నుంచే మొదలుపెట్టి పూర్తి చేసింది. పరీక్ష చేయడానికి వచ్చినాయన కాగితం మీద మార్కులు వేశాడు. పాసైంది.

ఫలితం వచ్చిన రోజు రజని ముందు గదిలోకి పోవడానికే భయపడింది. నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. నాజ్, తాహెర్ అక్కడే ఉన్నారు. రజని మంచం పక్కన నేల మీద కూర్చుని, తల వంచుకుని, "ఖాలా, పాసైన" అంది. అంతలోనే ఏడ్చింది.

ఖాలా ఎడమచెయ్యి పైకి లేచింది. రజని తల మీదికి వస్తుందనుకున్నాం. సగంలో ఆగింది. దీవించడానికి ఆ చెయ్యి పనికిరాదు కదా ఆమెకు. దాన్ని వెనక్కి తీసుకుని, పక్కన పడి ఉన్న కుడిచేతి మణికట్టు పట్టుకుంది. కష్టపడి లేపింది. ఒకసారి జారి దుప్పటి మీద పడింది. నాజ్ సాయానికి పోబోతే కళ్లతోనే వద్దంది. మళ్లీ పట్టుకుని, మంచం అంచు దాకా లాక్కొచ్చి, ఆ చచ్చుపడ్డ చేతిని రజని తల మీద పెట్టింది. అది జారిపోకుండా ఎడమచేత్తో పట్టుకునే ఉంది.

రజని తల ఎత్తలేదు.