మాస్టారి ముందు నల్ల కళ్ళద్దాలు

నర్సీపట్నం నుంచి రావికమతంలో నేను పనిచేసే బడికి కారులో బయల్దేరితే, పొద్దున్నే ఎండ కళ్ళలో గుచ్చుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అదే గోల. విసుగెత్తి నల్ల కళ్ళద్దాలు కొనడానికెళ్ళాను. కొట్టులో ట్యూబ్‌లైటు కింద అన్నీ బాగానే ఉంటాయి కదా, అందుకని ఒక్కొక్కటీ పెట్టుకుని రోడ్డు మీదకొచ్చి, ఎండలో తళతళలాడుతున్న బస్సు అద్దం వైపు చూసి మరీ ఎంచుకున్నాను.

మర్నాడు దారంతా హాయిగా ఉంది. ఊరు దాటగానే రోడ్డు అంచున, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఎదురుగా నడిచొస్తున్నారు. పెద్దల ముందు నల్ల కళ్ళద్దాలతో ఉండకూడదని మా ఇంట్లో నేర్పారు. ఎవరు పెట్టారో ఈ పద్ధతి! అద్దాలు తీసేసి నమస్కారం పెట్టాను. ఎండ ఒక్కసారిగా కళ్ళు కమ్మేసింది. రోడ్డూ కనపడలేదు, మాస్టారూ కనపడలేదు. బ్రేకు తొక్కేశాను.

కారు ఆయనకి జానెడు దూరంలో ఆగింది. ఆయన కిటికీ దగ్గరకొచ్చి జాలిగా చూశారు.

"ఎండ కళ్ళలో పడతన్నట్టుందమ్మా. మంచి నల్లద్దాలు కొనుక్కోకూడదేటి?"

"అలాగేనండీ" అన్నాను.

అద్దాలు నా చేతిలోనే ఉన్నాయి. ఆయన అక్కడున్నంతసేపూ పెట్టుకోలేకపోయాను.